సముద్రానికి పోయే సందు

సెలవులు అనగానే పాఠకులలో చాలామందికి ఎండకాలమే గుర్తుకు వస్తుంది. మదరసాలో పనిచేసేవారి సంగతి వేరు. మా విద్యా సంవత్సరం షవ్వాల్ మాసంలో మొదలై షాబాన్ మాసంలో ముగుస్తుంది. వార్షిక పరీక్షలు కాగానే విద్యార్థులు పెట్టెలు సర్దుకొని ఇళ్ళకు వెళ్ళిపోతారు. మళ్ళీ పండుగ దాటిన తరువాతే తరగతి గదుల తాళాలు తీస్తారు. చాంద్రమాన సంవత్సరం సూర్యమాన సంవత్సరం కంటే సుమారు 11 రోజులు చిన్నది. అందువల్ల మా సెలవులు ఏటేటా కొంచెం ముందుకు జరుగుతూ, దాదాపు 33 ఏళ్ళలో ఋతువులన్నింటినీ చుట్టి బయలుదేరిన చోటికే వస్తాయి.

మేము మొట్టమొదట భీమునిపట్నం వెళ్ళింది హిజ్రీ 1413 షాబాన్‌లో. అది 1993 ఫిబ్రవరి. ఈ ఏడాది, హిజ్రీ 1447లో, షాబాన్ రెండో సగం మళ్ళీ ఫిబ్రవరిలోనే వచ్చింది. చుట్టు పూర్తయింది. లాక్‌డౌన్ వచ్చిన 2020లోనూ, దాని మరుసటి ఏడూ తప్ప, ప్రతి సంవత్సరం షాబాన్ సగం నుండి రమజాన్ మొదటి పది రోజులు గడిచేవరకు మా కాపురం అక్కడే. ‘మేము’ అంటే ఒక మదరసా ఉపాధ్యాయుడు, ఆయన ఇల్లాలు, ముగ్గురు పిల్లలు. ఇప్పుడు వారి వెంట వచ్చే మనుమలు కూడా. ఒకే తీరాన్ని అన్ని ఋతువులలో చూసే భాగ్యం మాకు చంద్రుని వల్ల కలిగింది. ఆ ముచ్చట్లు కొన్ని పాఠకులతో పంచుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాము. ఈసారి చెప్పవలసిన అవసరం కూడా ఏర్పడింది.

భీమిలి అని అందరూ పిలిచే ఈ ఊరు విశాఖపట్నానికి ఉత్తరాన సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉంది. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల గుండా ప్రవహించిన గోస్తనీ నది ఇక్కడే బంగాళాఖాతంలో కలుస్తుంది. 17వ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వర్తక స్థావరం ఏర్పరచుకున్నారు. వారి సమాధుల తోట ఇంకా ఉన్నది. 1825లో వారి స్థావరం ఆంగ్లేయుల పరమైంది. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు ఇది. పాత దీపస్తంభం, పావురాళ్ళ కొండ మీద బౌద్ధుల కాలపు శిథిలాలు, విశాఖ నుండి వచ్చే దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఇవన్నీ చూడవచ్చినవారు చూసి పోతారు. మేము చూడడానికి వెళ్ళినవారం కాము. మా ఇల్లాలి పినతండ్రి రైల్వే ఉద్యోగిగా విశాఖలో ఉండేవారు. ఆమెకు ఆయాసం వ్యాధి ఉండడం చేత, కొన్నాళ్ళు సముద్రపు గాలి మంచిదని ఆయనే ఈ ఊరిలో ఒక పెంకుటిల్లు చూసిపెట్టారు. నెల అద్దెకు రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు ఒక అరుగు.

ఇంటి యజమానురాలు వెనుక భాగంలో ఉండేవారు. అప్పటికి ఆమెకు యాభై దాటి ఉంటాయి. మా ఇల్లాలు ఆమెను ‘పిన్నిగారు’ అనేది. పిల్లలు ‘మామ్మగారు’ అన్నారు. కాలక్రమంలో అందరికీ ఆమె మామ్మగారే అయ్యారు. బ్రాహ్మణ వితంతువు, శాకాహారి, మాట నెమ్మది. తురకలకు ఇల్లు అద్దెకు ఇచ్చావేమిటని ఎవరో అడిగితే, “ఏడాదికి పాతిక రోజులు నా ఇంట్లో తెల్లవారుజామున దీపం వెలుగుతుంది, నాకు చాలు” అన్నారట. ఈ మాట మాకు ఆమె చెప్పలేదు. వీధి చివరి కొట్టువాడు చెప్పాడు.

ఆ ఇంటికి, ప్రక్క ప్రహరీకి మధ్య అయిదడుగుల వెడల్పున ఒక సందు ఉన్నది. వీధిలో మొదలై, మామ్మగారి పెరడు అంచున సాగి, నాలుగు సరుగుడు చెట్ల మధ్య నుండి ఇసుకలోకి దిగుతుంది. భూమి ఆమెదే. ఆమె మామగారి కాలం నుండి తలుపు, గడియ లేకుండా వదిలివేసిన దారి అది. ఉత్తరం వైపున మత్స్యకారుల పేట ఉంది. పేట ఆడవారు చేపల తట్టలు నెత్తిన పెట్టుకొని ఆ సందులోంచే బస్సు ఆగే చోటికి వస్తారు. అది లేకపోతే కాలే ఇసుకలో అర కిలోమీటరు చుట్టు తిరగాలి. మా పిల్లలకు సముద్రం అంటే ముందుగా ఆ సందే. సందు మొదట్లో చెప్పులు విడిచి పరుగు తీస్తే, చివరకు వచ్చేసరికి గాలి ముఖానికి కొట్టేది.

ఏ ఋతువులో వెళ్ళినా మేము ఊరు చేరే రాత్రి పున్నమికి అటూ ఇటూగా ఉంటుంది. షాబాన్ 14, 15 తేదీలు గదా! ప్రొద్దు కొండల వెనుక దిగుతుండగా ఎదుట నీటిలోంచి నిండు చంద్రుడు లేస్తాడు. రెండు వారాలకు ఆ చంద్రుడే కనబడకుండా పోయి, సన్నని రేఖగా పడమట తిరిగి వస్తాడు. మాది తూర్పు తీరం కావడం వల్ల ఒక చమత్కారం ఉన్నది. ఊళ్ళో పిల్లలందరూ రమజాన్ నెలవంక కోసం మైదానం ఉందని సముద్రపు ఒడ్డుకే పోతారు. కాని చంద్రుణ్ణి చూడాలంటే సముద్రానికి వీపు పెట్టి కొండల వైపు చూడాలి. ఖిబ్లా కూడా అటే. ఒడ్డున చాప పరచి మగ్రిబ్ నమాజు చేస్తే అలల చప్పుడంతా వెనుక నుండి వినిపిస్తుంది. ఖియామ్‌లో నిలబడినప్పుడు, అల ఎంత దూరం వచ్చిందో చూడాలన్న కోరిక పిల్లలకు ఎంతగా ఉంటుందో వారి మడమలే చెప్పేవి.

మొదటి ఏడు ఫిబ్రవరి గనుక, సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం. తెల్లవారి నమాజు తరువాత ఒడ్డున నడుస్తుంటే ఇసుకలో చిన్న బండి చక్రం దొర్లినట్లు ఒక జాడ కనిపించింది. అది తాబేలు వచ్చి వెళ్ళిన దారి అని పేట పెద్ద ఒకాయన చెప్పాడు. తరువాతి ఏళ్ళలో సెలవులు జనవరికి, డిసెంబరుకు జరిగాయి. అది తేగల కాలం. ఉడికించిన తేగల కట్టలు వీధిలోకి వచ్చేవి. 1998లో రమజాన్ జనవరి మొదటిలోనే రావడంతో, మా ఇఫ్తార్ పళ్ళెంలో ఖర్జూరం ప్రక్కన తేగ ఉండేది. పక్కింట్లో సంక్రాంతి అరిసెలకు బియ్యం దంచుతున్న చప్పుడు వింటూ మేము ఉపవాసం విరమించేవాళ్ళం.

2004 నాటికి సెలవులు అక్టోబరుకు వచ్చాయి. అది వాయుగుండాల కాలం. సముద్రం బూడిదరంగుకు మారి రాత్రంతా గర్జించేది. పడవలన్నీ ఒడ్డున పైకి లాగి ఉండేవి, పేటలో మగవారు వలలు అల్లుతూ కూర్చునేవారు. ఆగస్టు, సెప్టెంబరులకు జరిగినప్పుడు తాటిపండ్ల వాసన ఊరంతా నిండేది. గోస్తనీ వరదతో వచ్చేది. నది మొగ వద్ద నిలబడితే ఎర్రని నీరు, పచ్చని నీరు చాలా దూరం వరకు ఒకదానిలో ఒకటి కలవక ఒక గీత గీసినట్లు కనిపించేవి. తీపి నీరు, ఉప్పు నీరు ప్రక్క ప్రక్కన ప్రవహించడం గురించి దివ్యఖుర్ఆన్‌లో ఉన్న ప్రస్తావనను మేము తరగతి గదిలో ఎన్నోసార్లు బోధించి ఉన్నాము. పెద్ద కొడుకు ఆ గీతను చూసి, “అబ్బా, మీరు నల్లబల్ల మీద గీసింది ఇదేనా?” అన్నాడు.

2015లో రమజాన్ జూన్‌లో వచ్చింది. తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం అమలులో ఉంటుంది. మేము వెళ్ళేసరికి పేటలో చేతులు ముడుచుకొని కూర్చున్న రోజులు. 15వ తేదీ వేకువకు ముందే పడవలన్నీ ఒక్కసారిగా కదిలాయి. ఆ రోజు ఒడ్డున నిలబడని ఇల్లు పేటలో లేదు. ఎండకాలంలో మాత్రమే తీరానికి వచ్చి వెళ్ళేవారు ఈ దృశ్యం చూడలేరు. వేట నిలిచిన సముద్రాన్నే వారు సముద్రమని అనుకుంటారు.

నిషేధం లేని మాసాలలో మరొక సంగతి గమనించాము. జాలరులు సముద్రం మీదకు పోయే వేళ, మేము సహరీకి లేచే వేళ ఇంచుమించు ఒకటే. ఆ జామున ఊరంతా చీకటి. మా వంటింట్లో ఒక దీపం, సందులో నడిచిపోయేవారి చేతిలో ఒక లాంతరు. తరువాతి కాలంలో లాంతరు స్థానంలో టార్చిలైటు వచ్చింది. మమ్మల్ని లేపే బాధ్యత మామ్మగారు తీసుకున్నారు. గడియారానికి అలారం ఉన్నా, ఉమ్మడి గోడ మీద రెండు దెబ్బలు కొట్టేవారు. మేము లోపలి నుండి తిరిగి ఒక దెబ్బ కొడితేనే ఆమె మళ్ళీ పడుకునేవారు. ఇన్నేళ్ళలో ఆమె దెబ్బ ఒక్క రోజు కూడా ఆలస్యం కాలేదు.

పిల్లలు ముగ్గురూ అక్షరాలు నేర్చుకున్నది ఆ తడి ఇసుక మీదే. అసర్ తరువాత చేతికొక పుల్ల ఇచ్చి అలిఫ్, బే, అ, ఆ రాయించేవాళ్ళం. మా చిన్ననాడు మదరసాలో కొయ్య పలక మీద రాసి, కడిగి, సుద్ద పూసి ఎండబెట్టి మళ్ళీ రాయవలసి వచ్చేది. ఇక్కడ కడిగే పని అల చేసేది. అల వచ్చేలోగా పదం పూర్తి చేయాలన్న పట్టుదలతో వారి వ్రాత వేగంగా సాగింది. అందంగా సాగిందని చెప్పలేము.

తట్టతో వచ్చే ఒక ఆవిడ మా ఇంటి ముందు ఆగేది. మొదటి ఏడాదిలోనే మా ఇంటి ఆచారమంతా తెలుసుకున్నది. “సాయిబమ్మగోరూ, ఇయ్యి పీతలు, మీకొద్దు. ఇయ్యి నెత్తళ్ళు, మీయి” అని వేరు చేసి పెట్టేది. చందువలు, వంజరం ధర ఎక్కువ గనుక శుక్రవారాలకే. కానాగంతలు ఏ రోజుకైనా సరే. చిక్కంతా రొయ్యల వద్ద వచ్చింది. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం నీటి జీవులలో చేపే ధర్మసమ్మతం. రొయ్య చేప అవునా, కాదా అన్న విషయంలో పండితులలో భేదాభిప్రాయం ఉన్నది. మా గురువులు తినేవారు కాదు. మా ఇల్లాలి పుట్టింటివారు తింటారు. ఈ మస్అలా మా ఇంట్లో మూడు దశాబ్దాలుగా తేలలేదు. రొయ్యల కూర వండిన రోజు పళ్ళెంలో చారు పోసుకొనే చేయి ఒకటి ఉంటుంది. ఈ వ్యాసం రాస్తున్నది ఆ చేయే. “మీ ఇంట్లో నాకు తోడు ఒకరున్నారు” అని మామ్మగారు ఆ పూట తన వంకాయ పులుసు పంపేవారు.

మా కంటే ముందు నుండి ఆ గదులలో వేసవికి వచ్చి ఉండే కుటుంబం మరొకటి ఉన్నది. విజయనగరంలో ప్లీడరు గుమాస్తాగా పనిచేసే ఒక పెద్దమనిషి ఏటా మే నెలలో పిల్లాపాపలతో వచ్చేవారు. మేము మేలో రాము, వారు మిగతా నెలలలో రారు. ఇరవై అయిదేళ్ళు మేము ఒకరినొకరం చూసుకోలేదు. కాని పరిచయం లేదని అనలేము. నడవ ద్వారబంధం మీద పెన్సిలుతో వారి పిల్లల ఎత్తులు గీసి, తేదీలు వేసి ఉండేవి. మా పిల్లలు రెండో అంచు మీద తమ ఎత్తులు గీశారు. మరుసటి ఏడు వెళ్ళి చూస్తే, వారి గీతలు ఒక్కొక్కటి పైకి జరిగి ఉండేవి. “ఆ అబ్బాయి నన్ను దాటిపోయాడు” అని మా చిన్నవాడు దిగులుపడేవాడు, తాను ఎన్నడూ చూడని పిల్లవాని గురించి. వారు ఒక క్యారమ్ బోర్డు వదిలి వెళితే మేము దానికి పోయిన కాయలు కొని పెట్టాము. మేము ఒక మట్టి కూజా వదిలితే, వారు దానికి మూత తెచ్చారు. ఒకసారి మామ్మగారి చేతికి ఒక చీటీ ఇచ్చి వెళ్ళారు: బావి గిలక జారుతున్నది, పిల్లలు జాగ్రత్త అని.

2018లో మా సెలవులు మే నెలలోకి వచ్చి చేరాయి. ఇల్లు ఒకటి, కుటుంబాలు రెండు. మామ్మగారు పంచాయితీ లేకుండా ఒక గది వారికి, ఒక గది మాకు పంచారు. ముంజల కాలం. ఒడ్డున మూరీ మిక్చరు బండ్లు, గాలిపటాలు, జనం. ఉపవాసం ఉన్న మా ముందు తినకూడదని వారి పిల్లలు సందులో దాక్కొని మిక్చరు తినడం మా పిల్లలు పట్టుకున్నారు. మగ్రిబ్ వేళకు గుమాస్తాగారి భార్య ఒక గిన్నె నిండా ఒలిచిన ముంజలు తెచ్చి అరుగు మీద పెట్టి, మాట్లాడకుండా లోపలికి వెళ్ళారు. రెండు అంచుల మీది గీతల యజమానులందరూ, అప్పటికి గడ్డాలు మీసాలు వచ్చినవారు, ద్వారబంధం వద్ద నిలబడి ఎవరిది ఏ గీతో చూపించుకున్నారు. ఇంత కాలం చూడకుండానే ఎరిగిన మనుషులను చూడడం మా జీవితంలోని మంచి సాయంత్రాలలో ఒకటి.

ఇంత చెప్పి, 2014 సంగతి దాటవేయలేము. అక్టోబరు 12, ఆదివారం. బక్రీదు జరిగి ఆరు రోజులే అయింది. హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటింది. ఆ పేరును సూచించింది ఒమన్ దేశం. హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) వద్దకు సబా రాజ్యపు వార్త తెచ్చిన పక్షి పేరు అదే గదా! నమల్ సూరా చదువుకున్న పిల్లవాడొకడు తరగతిలో లేచి, “ఉస్తాద్, ఆ పిట్ట వార్త తెచ్చింది. ఇది ఇళ్ళెందుకు కూల్చింది?” అని అడిగాడు. పెట్టినవారు పేరు మాత్రమే పెట్టారని, గాలికి పేరు తెలియదని జవాబు చెప్పాము. భీమిలికి ఫోను కలవలేదు. మామ్మగారి గొంతు వినడానికి పది రోజులు పట్టింది.

జరిగింది ఇది. తుపానుకు ముందు రోజు సాయంత్రం ఆమె కదలనని తలుపు వేసుకొని కూర్చున్నారు. పేట కుర్రవాళ్ళు నలుగురు ఆ సందులోంచి వచ్చి, బ్రతిమాలి, చివరకు ఆమెను మంచంతో సహా ఎత్తుకొని ఎగువ వీధిలోని బడికి చేర్చారు. గాలికి ఇంటి కప్పు సగం లేచిపోయింది. సరుగుడు చెట్లు నాలుగూ కూలాయి. పేటలో వారి ఇళ్ళకే కప్పులు లేవు. అయినా మూడో రోజున ఒక టార్పాలిన్ తెచ్చి మొదట ఆమె ఇంటి మీద కట్టారు. ఎందుకని అడిగితే, “రోజూ అమ్మగోరి నేల మీద నడుత్తన్నాం గదా” అన్నారట.

ఇక, ఈ వ్యాసం రాయవలసి వచ్చిన విషయానికి వస్తాము. మామ్మగారికి ఇప్పుడు ఎనభై దాటాయి. చూపు మందగించింది, మోకాళ్ళు సహకరించడం లేదు. ఒక్కడే కొడుకు, దూరపు నగరంలో ఉద్యోగం. ఇల్లు అమ్మి తల్లిని తన వద్దకు తీసుకుపోతానంటున్నారు. ఆయన దుర్మార్గుడు కారు. తల్లిని ఒంటరిగా ఉంచలేనన్నది న్యాయమైన మాటే. వైద్యానికి డబ్బు కావాలన్నదీ నిజమే. కొంటామని వచ్చినవారు అక్కడ విడిది గదులు కట్టదలచారు. మంచి ధర ఇస్తామన్నారు. ఒకటే షరతు: సందు మూసి, చుట్టూ గోడ కట్టుకునే వీలుండాలి.

ఈ రమజాన్‌లో ఒక సాయంత్రం ఆమె మమ్మల్నిద్దరినీ అరుగు మీద కూర్చోబెట్టి, “మౌల్వీగారూ, దారి గురించి మీ పుస్తకాలలో ఏమున్నది?” అని అడిగారు. హిదాయా గ్రంథంలో క్రయవిక్రయాల అధ్యాయం బోధించేటప్పుడు ‘హఖ్కె మురూర్’ అనే మాట వస్తుంది. నేల మీద యాజమాన్యం వేరు, దాని మీదుగా నడిచే హక్కు వేరు అని పండితులు విడదీసి చర్చించారు. అనాదిగా ఉన్నదానిని ఉన్నట్లే సాగనివ్వాలన్న సూత్రం కూడా మన ధర్మశాస్త్రంలో ఉన్నది. ఈ సంగతులు చెప్పాము. ఆమె విని, “మన కోర్టులో ఏమంటారో?” అన్నారు. అది మా విద్య కాదు. గుమాస్తాగారికి ఫోను చేశాము.

ఆయన చెప్పినది విని మేము కొంతసేపు మౌనంగా ఉండిపోయాము. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, 20 ఏళ్ళు ఎడతెగకుండా, బాహాటంగా, హక్కుగా ఒక దారిలో నడిచినవారికి ఆ దారి మీద హక్కు ఏర్పడవచ్చు. కాని యజమాని అనుమతితో నడిస్తే ఆ లెక్క వర్తించదు. అనుమతితో నడిచిన దారి ఎన్నేళ్ళయినా అనుమతిగానే మిగులుతుంది. ఇక్కడే ఉన్నది అసలు బాధ. పేట పెద్దలు ప్రతి ఉగాదికి కొబ్బరికాయ, అరటిపండ్లు పళ్ళెంలో పెట్టుకొని వచ్చి, “అమ్మగోరూ, ఈ ఏడు కూడా నడవమంటారా?” అని అడగడం, “నడవండి నాయనా” అని ఆమె అనడం రెండు తరాలుగా వస్తున్న మర్యాద. ఆ మర్యాదే ఇప్పుడు వారికి అడ్డు నిలుస్తున్నది. అడగకుండా దౌర్జన్యంగా నడిచి ఉంటే హక్కు వచ్చేదేమో! వినయంగా అడిగి నడిచారు కనుక, కొన్నవాడు గోడ కడితే వారు చూపడానికి ఏమీ లేదు. గుమాస్తాగారు చివరకు ఒక్క మాట చెప్పారు. ఆమె బ్రతికుండగా, అమ్మకానికి ముందే, ఆ అయిదడుగులు దారిగా ఉండాలని దస్తావేజు రాసి సబ్ రిజిస్ట్రారు వద్ద నమోదు చేయించడం ఒక్కటే మార్గం.

దివ్యఖుర్ఆన్‌లో అన్నింటి కంటే పొడవైన వాక్యం దేని గురించి? విశ్వాసం గురించో, స్వర్గ నరకాల గురించో అని కొత్త విద్యార్థులు ఊహిస్తారు. అప్పు ఇచ్చి పుచ్చుకునేటప్పుడు పత్రం రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని చెప్పే బఖరా సూరాలోని వాక్యం అది. మంచివాళ్ళ మధ్య కాగితం ఎందుకని ఒక విద్యార్థి ప్రతి ఏటా అడుగుతాడు. మంచివాళ్ళు చనిపోతారు గనుక, ఇల్లు చేతులు మారుతుంది గనుక అని ఇకమీదట ఆ సందును చూపి చెప్పగలము. దారిలో పడ్డ ముల్లును తీసివేయడం కూడా విశ్వాసంలో ఒక భాగమని దైవప్రవక్త (స) నేర్పారు. దారినే తీసివేస్తుంటే చూస్తూ ఊరుకోవడం మాకు ఎలా సాధ్యం?

మామ్మగారి నిర్ణయం త్వరగానే జరిగింది. “రాయిస్తాను. మొదటి సాక్షి గుమాస్తాగారు, రెండో సాక్షి మీరు” అన్నారు. సందు వదిలితే ధర ఎంతో తగ్గుతుందని కొడుకు ఫోనులో వాదించారు. ఏడాదికి పాతిక రోజులుండే అద్దెవారికి ఇందులో ఏం పని అని కూడా అన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. మేము అక్కడ ఇల్లు కట్టలేదు, పన్ను కట్టలేదు. గాలి పీల్చి, చేపలు తిని, పిల్లలకు అక్షరాలు నేర్పుకొని వచ్చిన మనుషులం. కాని అవన్నీ మాకు దక్కింది ఒకరు తలుపు పెట్టకుండా వదిలిన అయిదడుగుల నేల మీదుగా. ఉచితంగా అనుభవించినవారికి సాక్ష్యం చెప్పే బాధ్యత కూడా ఉంటుందని మేము అనుకుంటున్నాము. ఆయనకు అదే విషయం మర్యాదగా తెలియజేశాము. ధరలో తగ్గే మొత్తం వైద్యానికి లోటు కాకుండా, వేసవికి వచ్చే కుటుంబాలూ మేమూ కలిసి చేతనైనంత పోగుచేస్తామని కూడా చెప్పాము. ఆయన కాదనలేదు, అవుననలేదు. దసరాకు వచ్చినప్పుడు మాట్లాడతానన్నారు.

ఇల్లు ఎటూ అమ్ముడు పోతుంది. దానికి మేము సిద్ధపడ్డాము. పెంకుటిల్లు పడగొడతారు, ద్వారబంధం ఏ టింబరు డిపోకో చేరుతుంది. అందుకని బయలుదేరే ముందు రోజు మా పెద్దమ్మాయి ఒక నోటు పుస్తకం తెచ్చి రెండు అంచుల మీది గీతలన్నీ, పేర్లు తేదీలతో సహా, కొలతబద్దతో కొలిచి రాసుకున్నది. గుమాస్తాగారి పిల్లలవి కూడా. చివరి గీత ఆమె కొడుకుది, ఈ ఫిబ్రవరి తేదీతో.

వచ్చే షాబాన్ సగం 2027 జనవరి నాలుగో వారంలో పడుతుంది. మళ్ళీ తేగల కాలం. ఉండడానికి వేరే గది ఎక్కడైనా దొరకకపోదు. గుమాస్తాగారు దస్తావేజు చిత్తుప్రతి తయారుచేసి పంపించారు. పొడవు, వెడల్పు, నాలుగు హద్దులు అన్నీ రాసి ఉన్నాయి. తూర్పు హద్దు వద్ద ‘సముద్రము’ అని ఉన్నది. సాక్షుల వద్ద రెండు గీతలు ఖాళీగా ఉన్నాయి. మామ్మగారి ఆరోగ్యం కోసం, ఆ కొడుకు మనసు మెత్తబడడం కోసం పాఠకులు దుఆ చేయవలసిందిగా కోరుతున్నాము.